వంటింట్లో చెమటచుక్క

నేను ఒక చెమటచుక్కని. పుట్టాక చాలా రోజులు నాకు తడి అంటే ఏమిటో తెలియదు. థర్మోకోల్‌తో చేసి, నీలం పోస్టర్ రంగు పూశారు. కొబ్బరిబొండమంత ఉంటాను. విజయవాడలో చెమటకి కరువొచ్చిందా, పనిగట్టుకుని చేయించడానికి అని మీరడగొచ్చు. నన్ను చేసిన నాగూర్ మీరాకీ అదే అనుమానం వచ్చింది.

అతనిది పెళ్లి స్టేజీల మీద పెట్టే పేర్లు కత్తిరించే కొట్టు. ఆ రోజు నా పలకలో సగం ఒక పెళ్లికూతురి పేరుకి పోయింది. మిగిలిన సగం ముందు సుమేధ నిలబడింది. ఫార్మసీ చదివే పిల్ల.

"అన్నా, చెమటచుక్క కావాలి. ఇంత ఉండాలి."

"ఇంత చుక్కా! ఆ మనిషి ఏం పని చేస్తాడమ్మా?"

"పనేం చెయ్యడు. ఇబ్బంది పడతాడు."

"ఇబ్బందికే ఇంత కారితే, పని కూడా చేస్తే ఊరు మునిగిపోద్ది," అంటూ నాగూర్ మీరా కోసే తీగని వేడి చేశాడు.

మా వంశం జపాన్ బొమ్మల సినిమాల్లోదట. వాటిని అనిమే అంటారు. అక్కడ మనసులో ఉన్నది మనసులో ఆగదు. కోపం వస్తే నుదుట నరాలు ముడిపడి గుర్తులా తేలుతాయి. నిద్రపోతే ముక్కులోంచి బుడగ వస్తుంది. ఏం చెయ్యాలో తోచక ఇరుకున పడ్డవాడి కణత పక్కన నేను వేలాడతాను. ఇక అతను నోరు విప్పక్కర్లేదు. తాము గీసుకున్న బొమ్మలకి ఇంత సదుపాయం చేసిపెట్టిన మనుషులు, తమకెందుకు చేసుకోలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒక ఫంక్షన్ హాల్లో అనిమే అభిమానుల సభ. సుమేధ నన్ను హెయిర్‌బ్యాండుకి కట్టుకుని, కంగారు మాస్టారి వేషంలో వెళ్లింది. అట్టకత్తి పట్టుకున్న ఒక బక్కపలచటి వీరుడు వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ చుక్క చిబి బొమ్మకే నప్పుతుంది. చిబి అంటే తల పెద్దది, ఒళ్లు చిన్నది. మీ ఒళ్లు మామూలుగానే ఉంది."

"అయితే ఏం చెయ్యమంటావ్, ఒళ్లు ఇంటి దగ్గర పెట్టి రమ్మంటావా?" అంది సుమేధ.

చుట్టూ జనం మూగి రెండు జట్లయ్యారు. ఇంతలో సమోసాల పళ్లెంతో వచ్చినాయన, "జరగండి బాబూ, కార్టూన్ల కోసం కొట్టుకుంటారా ఎవరన్నా!" అన్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ లోకంలో కార్టూన్ అన్న మాట అనకూడదు. జట్లు రెండూ ఒక్కటై ఆయన మీదికి తిరిగాయి. ఆ క్షణాన నా అవసరం ఆయనకే ఎక్కువ. కానీ నేనున్నది వేరే తల మీద.

సభ అయ్యాక నన్ను బీరువా ఎక్కించారు. బీరువా మీద ఉన్నవాళ్లకి ఇంటి గుట్టంతా తెలిసిపోతుంది. సుమేధ నాన్న రంగనాయకులు నీటి శాఖ ఆఫీసులో సూపరింటెండెంటు. అమ్మ వకుళ. పొద్దున్నే కాఫీ కలుపుతూ ఆవిడ పాడేది. ఆ పాటకే ఆయనకి మెలకువ వచ్చేది.

కొన్నాళ్ల కిందట చుట్టాల గృహప్రవేశంలో ఆవిడని పాడమన్నారు. గొంతు పైకి వెళ్లేసరికి ఆయన, "స్టవ్ కట్టెయ్యండర్రా ఎవరన్నా, కుక్కర్ కూస్తోంది," అన్నాడు. ఇల్లంతా పగలబడి నవ్వింది. వకుళ చరణం మధ్యలో ఆగిపోయింది. మర్నాటి నుంచి కాఫీ వచ్చింది గానీ పాట రాలేదు. ఆయన అలారం పెట్టుకున్నాడు. అది మోగగానే నొక్కేసి, వంటింటి వైపు చెవి పెట్టి పడుకునేవాడు. పాట మొదలైతే లేద్దామని. ఆఫీసుకి రోజూ ఆలస్యమే.

తప్పయిందని చెప్పాలని ఆయనకి లేకపోలేదు. రోజూ వంటింటి గుమ్మం దాకా వెళ్తాడు. నోరు తెరిస్తే, "కరెంటు బిల్లు వచ్చిందా?" అని వస్తుంది.

సుమేధ చూసి చూసి, "నీలాంటి వాళ్లని అనిమేలో సుండెరే అంటారు నాన్నా," అంది.

"అదేం జబ్బు?"

"లోపల ప్రేమ, పైకి విసురు."

"మా వంశంలో అందరికీ ఉంది. మా నాన్న దాంతోనే పోయాడు." మాట తప్పించడానికి పైకి చూశాడు. "బీరువా మీద ఆ సొరకాయేంటి?"

సుమేధ నా సంగతి చెప్పింది. "అది తగిలించుకుంటే ఇక మాట్లాడక్కర్లేదు. చూసేవాళ్లకే అర్థమవుతుంది."

"మాట్లాడక్కర్లేదా?" ఆయన మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాడు.

ఆ సాయంత్రమే నన్ను తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వకుళ బెండకాయలు తరుగుతూ తలెత్తింది.

"ఏమిటది?"

"చెమట."

"ఫ్యాన్ వేసుకోండి."

వేసుకున్నాడు. నేను ఊగాను. ఆవిడ మళ్లీ తలెత్తలేదు.

ఇక తీసేస్తాడనుకున్నాను. కానీ ఎదుటివాళ్లకి అర్థం కాని మాటని ఇంకా గట్టిగా అనడం మనుషుల అలవాటు. మర్నాడు నాతోనే ఆఫీసుకి బయల్దేరాడు. సిటీ బస్సులో కండక్టరమ్మ, "ఆ బొండానికి లగేజీ టికెట్ తీసుకోవాలి సార్," అంది. తీసుకున్నాడు. ఆఫీసు మెట్ల మీద యూనియన్ నాయకుడు చెవి దగ్గరికొచ్చి, "మన డిమాండ్లేంటండీ?" అన్నాడు. పెద్ద ఇంజనీరు గారు, "నీటి పొదుపు మీద ప్రచారమా? భేష్," అని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. రంగనాయకులు ఎవరికీ కాదని చెప్పలేదు. భోజనాల వేళ గుమాస్తాలు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఆయన ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, అక్కడే ఆపేశాడు. కణత మీంచి అసలు చెమట కారి నన్ను తాకింది. తడి అంటే ఇదా అనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పులతోనే గుమ్మంలో నిలబడ్డాడు. నా రంగు కరిగి ఆయన చెంప మీద నీలం చారలు దిగాయి.

"దీంతోనే ఆఫీసుకెళ్లారా?" అంది వకుళ.

"వెళ్లాను."

"నవ్వారా?"

"నవ్వారు."

"ఎవరెవరు?"

"అందరూ. బస్సులో చంకలో పిల్లాడు కూడా." చెప్పులు విడిచాడు. "నాకు ఆ గృహప్రవేశం గుర్తొచ్చింది వకుళా."

ఆ గుమ్మంలో ఆయన చెప్పాలనుకున్న మాట కరెంటు బిల్లుగా మారకుండా నోట రావడం అదే మొదలు.

వకుళ లేచి వచ్చి, కొంగుతో ఆయన చెంప తుడిచింది. ఆ రంగుకి అంత గట్టిగా తుడవక్కర్లేదు. "మొహం కడుక్కుని రండి," అని విసురుగా అంటూనే నన్ను ఆయన తల మీంచి తీసింది.

ఇప్పుడు నేను పోపుల డబ్బాల పైన మేకుకి వేలాడుతున్నాను. రంగు వెలిసింది, అంచులు నుసిగా రాలుతున్నాయి. వచ్చినవాళ్లు సొరకాయనుకుంటారు. ఎవరూ సరిదిద్దరు.

నన్ను ఈ మేకుకి తగిలించిన మర్నాడు అలారం మోగలేదు. ఆయన పెట్టుకోలేదు. అయినా టైముకే లేచాడు.