శ్రీతో మొదలయ్యే ఫైళ్లు

అత్తకు మందుగోళీలిచ్చి, గిన్నెలు తోమి, భాగ్య బాన్సువాడ బస్టాండు దగ్గరున్న తమ కంప్యూటర్ దుకాణానికి వచ్చేసరికి లోపల కొట్లాట నడుస్తోంది. పిట్లం నుంచి వచ్చిన పెళ్లివాళ్లు పెళ్లిపత్రికల కట్ట తెచ్చి బల్ల మీద కొట్టారు. విప్పి చూస్తే ఏముంది, ఎవరో చనిపోయిన ముసలాయన దినాల కార్డులు! అచ్చు తీసిందీ, చూడకుండా కట్ట కట్టిందీ ఆమె మొగుడు గంగాధరే. అయినా ఆమెను చూడగానే, "ఆడోళ్లకు అప్పజెప్తె గిట్లనే ఉంటది" అన్నాడు. పెళ్లికూతురి తల్లి భాగ్యకే శాపనార్థాలు పెట్టింది. ఇంటికొచ్చాక అతను చెయ్యి కూడా చేసుకున్నాడు. భాగ్య పడింది. పడక ఏం చేస్తుంది?

తప్పెక్కడుందో ఆమెకు తెలుసు. దుకాణం పెట్టిననాడే గంగాధర్ ఒక కట్టడి చేశాడు. శుభమా అని ప్రతి ఫైలు పేరూ శ్రీతోనే మొదలవ్వాలి, పెళ్లిదైనా చావుదైనా. తెర మీద అన్నీ ఒకే రకం తెల్ల కాగితం బొమ్మలు, వాటి కింద శ్రీ, శ్రీ, శ్రీ. చావుకు శ్రీ ఎందుకని ఒకసారి అడిగితే, నువ్వు నాకు జెప్పుడేందని నోరు మూయించాడు. ఆమె ఉన్నంతసేపూ ఏ పొరపాటూ జరగదు. ఆమె వంటింట్లో ఉన్నప్పుడే అన్నీ జరుగుతాయి.

పేర్లు మార్చనివ్వడు గనక బొమ్మలు మార్చింది. పని లేనప్పుడల్లా మౌసుతో చుక్క చుక్క పెట్టి ఐకాన్లు గీసింది. పెళ్లికి బాసింగం, దినాలకు దీపం, పురుడుకు ఊయల, పొలం కాగితాలకు వరికంకి. ఆ ధ్యాసలో ఇంట్లో చారు మాడి అత్త ముత్తవ్వతో తిట్లు తిన్నది. అయినా తెర మీద ఏ ఫైలుకా ఫైలు కంటికి ఆనుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె చేసిందల్లా సాయంత్రానికి తినేసేవాళ్లు, లేదా మళ్లీ మాసిపోయేది. ఇదొక్కటే నిలిచింది.

గంగాధర్ వచ్చినవాళ్లందరికీ ఆ బొమ్మలు చూపించి తానే పెట్టానని చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, దరిద్రం వదిలిందనుకుంది. ఒకనాడు అన్నం తింటూ అన్నాడు: "ఇగ బొమ్మ జూసి ఎవలైనా ఒత్తుతరు. రేపట్నుంచి తమ్ముడు కూసుంటడు. నువ్వు ఇంట్ల మా అవ్వను జూస్కో."

తమ్ముడు పండరి అంతవరకూ ఆ దుకాణం గడప తొక్కినవాడు కాదు. ముత్తవ్వ మాత్రం, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంటుందని సంబరపడింది. భాగ్య కంచాలు తీసి కడిగింది. చేతగాదని తిట్టారు, చేతనైందని తీసేశారు. పని తేలిక చేసి పనే పోగొట్టుకుంది.

తెల్లారి అందరికీ చాయ్ ఇచ్చి, పక్క ఊరు వర్నికి బస్సెక్కింది. అక్కడ కొత్తగా కంప్యూటర్ దుకాణం పెట్టిన పార్వతీబాయి మనిషి కోసం వెతుకుతున్నదని విన్నది. పార్వతీబాయి ఆమెతో ఒక కార్డు టైపు చేయించి చూసింది. పని నచ్చింది గానీ, లోపల్లోపల జంకింది.

"మీ ఇంటాయనకు జెప్పొచ్చినవా?"

"జెప్తె రానియ్యరక్కా."

పార్వతీబాయి కార్డు పక్కన పెట్టింది. "మరి రేపు గూడ వస్తవా?"

సాయంత్రం ఇంట్లో గంగాధర్ చెయ్యి ఎలా లేస్తుందో భాగ్య ఆలోచించింది.

"రేపటికి నడవ చాతనైతె వస్త" అంది.