బకెట్లో మునిగిన చొక్కా

కాలరు ఎంత రుద్దినా మరక వదలడం లేదు, పోనీ, ఇది తమ్ముడిది అయితే కదా, వాడి నేస్తం బొండాంగాడిది, ఇందులో తమ్ముడిలాంటి వాళ్ళు ఇద్దరు దూరొచ్చు, అనుకుంటూనే ఆమె మళ్ళీ సబ్బు అందుకుంది, గొడవకు వెళ్ళే రోజున ఒకరి చొక్కా ఒకరు తొడుక్కోవాలట, వాళ్ళ గ్యాంగు కట్టుబాటు, నీకు తగిలితే నాకు తగిలినట్టేనని అర్థమట, కనుబొమ్మ మీద కుట్లతో తమ్ముడు ఎంత గంభీరంగా చెప్పాడు వెధవ, అర్థం బాగానే ఉంది నాయనా, ఉతకడానికి మాత్రం నేనొక్కదాన్నే దొరికానా అంటే నవ్వబోయి, కుట్లు లాగి, అబ్బా అన్నాడు, చంక కింద చిరుగును ఎవరో నీలం దారంతో సన్నగా కుట్టారు, బొండాం వాళ్ళమ్మ కాబోలు, తమ్ముడి చొక్కాకు తను కుట్టిన బొత్తాలూ ఆవిడ చేతుల్లో పడే ఉంటాయి, ఎన్నడూ చూడని మనిషి పక్కనే కూర్చున్నట్టనిపించి చొక్కాను మెల్లగా పిండింది.

గేటు కిర్రుమంది, పొడుగోడు, గ్యాంగుకు పెద్ద, వీధిలో వాడొస్తుంటే పిల్లలు పక్కకు తప్పుకుంటారు, ఇక్కడికొస్తే మాత్రం చెప్పులు బుద్ధిగా జతచేసి విడుస్తాడు, అక్కా, వాడు లేచాడా, ఒంటి మీద బనీను, చేతిలో మడతపెట్టిన తన చొక్కా, అంటే గొడవ ఇవాళే, మార్కెట్ వెనక వీధి వాళ్ళతో, ఈసారి కుట్లతో పోతుందా, లేచాడు, మీసం మొలిచిందేమోనని అద్దంలో వెతుక్కుంటున్నాడు, పొడుగోడు నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు, వద్దని చెప్పాలి, అమ్మ చెప్పలేదా, చెప్పినకొద్దీ బిగుసుకుంటారు, ఇలా ఇవ్వు, బొత్తాం ఊడేలా ఉంది, అంది, బొత్తాం గట్టిగానే ఉంది, వాడు చొక్కా చాచి ఇచ్చాడు, ఆమె చేతులు ఆమెనడక్కుండానే దాన్ని బకెట్లో ముంచేశాయి.

అయ్యో అక్కా, ఏం పని చేశావే, తమ్ముడు బయటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు, ఇప్పుడు నేనేం తొడుక్కోవాలి, ఏదో ఒకటి వేసుకొస్తాలేరా, కుదరదు, అన్నాడు పొడుగోడు, నా చొక్కానే వేసుకోవాలి, రూలు రూలేరా, ఆరనీ, అప్పటిదాకా వాళ్ళు ఆగుతారా, ఆగకపోతే పోతారు, మరి మనవాళ్ళు, నేను రాకుండా ఒక్కడూ కదలడు, కూర్చోరా, పొడుగోడు మెట్టు మీద చతికిలబడ్డాడు, ఆమె తీగ మీద చొక్కా ఆరేసి టీ పెట్టుకొచ్చింది, ఇద్దరూ బనీన్లతో గ్లాసులు ఊదుకుంటూ, ఇది మీసమేరా, కాదురా, టీ మరక, తుడుచుకో, కొట్టుకుంటున్నారు, చొక్కా అంచు నుంచి నీళ్ళు జారి, తర్వాత బొట్లుగా రాలి, ఎప్పుడో ఆగిపోయాయి, వెళ్దామా అని తమ్ముడు మళ్ళీ అడగలేదు, ఎండ మెట్ల దాకా వచ్చింది, ఇంత హాయైన పొద్దు ఈ పెరట్లో ఎప్పుడు చూసింది.

పొడుగోడు లేచి చొక్కా చేయి పట్టి చూశాడు, ఇంకా చెమ్మగానే ఉంది, తమ్ముడు చేయి చాచాడు, వాడు ఇవ్వలేదు, తనే తొడుక్కుని పైబొత్తాం దాకా పెట్టుకున్నాడు, ఆ బొత్తాం గట్టిగా ఉందని వాడికి తెలియదా, ఎదురుగా నురగతో నిండిన బకెట్ కనిపించలేదా, ఆమేమో తనేదో తెలివి చూపించానని పొద్దుటి నుంచీ మురిసిపోతోంది కానీ, ఎవరైనా తడిపేస్తే బాగుండునని వాడే కదా ఆ చొక్కాను ఇంతదూరం మోసుకొచ్చాడు, ఆమె ఖాళీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడింది, పొడుగోడు చెప్పులేసుకుని, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మార్కెట్ వైపు కాక తన ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయాడు.