యేసయ్యకు ఎల్లయ్య మొక్కు

ఎల్లయ్య గౌడ్‌కు దేవుళ్ళతో బేరం బాగా అలవాటు. రోజూ పదిహేను తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. పైన కాలు జారిందా, కింద ఏరుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని ఏటేటా గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు యాటపోతును కోస్తాడు, ఏడాదంతా క్షేమంగా దిగుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బేరం ఒక్కసారి కూడా చెడలేదు. మరి భార్య అమృతమ్మకు కడుపులో కేన్సరని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని హైదరాబాదు దవాఖానలో చెప్పినప్పుడు ఆ మనిషికి వేరే ఏం తోస్తుంది పాపం!

కాటమయ్యకు మొక్కాడు. గుట్ట నరసింహస్వామికి మొక్కాడు. అమృతమ్మకు గంజి కూడా దిగడం మానేసింది.

అమృతమ్మ పద్దెనిమిదేళ్ళుగా యేసయ్యను నమ్ముకుంది. ఆదివారం వస్తే రామన్నపేట దారిలోని రేకుల చర్చికి ఒక్కతే నడిచి వెళ్ళేది. ఎల్లయ్య ఏనాడూ అడ్డు చెప్పలేదు, వెంట వెళ్ళనూ లేదు. ఇప్పుడు హఠాత్తుగా అతనికి తట్టింది, ఆమె దేవుణ్ణి తాను ఇంతవరకు ఏమీ అడగనే లేదని. ఆ దేవుడికి యాటలు పనికిరావు. మనిషి కావాలంటాడు. సరే, మనిషినే ఇద్దామనుకున్నాడు.

మర్నాడే వెళ్ళి పాస్టరు దివాకర్ ముందు కూర్చున్నాడు.

"అయ్యగారూ, నేను బాప్తిస్మం తీసుకుంట."

దివాకర్ మంచివాడే గానీ ఇంకా కుర్రతనం పోలేదు. ఊరంతా ఎరిగిన కల్లు గౌడు తనంతట తాను వచ్చి అడిగేసరికి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఎందుకన్నా అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. అడిగితేగా!

ఆదివారం పొద్దున అందరూ చెరువు దగ్గర చేరారు. కూతురు నిరోష తల్లిని ఆటోలో తీసుకొచ్చి ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. అమృతమ్మ సగం మనిషైపోయింది. అయినా ఆ రోజు ముఖం కళకళలాడుతోంది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ప్రార్థన చేసింది దీనికోసమే మరి. ఎల్లయ్య తెల్లపంచె కట్టుకుని నడుములోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు.

"యేసుప్రభువు నీ రక్షకుడని నమ్ముతున్నావా అన్నా?" అని అడిగాడు దివాకర్.

"నమ్ముతున్న. గిప్పుడు నేను మునుగుత. రేపటిసంది ఆమె గంజి తాగుతది గద? నొప్పి పోతది గద? ఎన్ని దినాలల్ల లేచి తిరుగుతదో జర గది చెప్పుండ్రి అయ్యగారూ."

ఎల్లయ్య వీపు మీద దివాకర్ వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఓ అయ్యా! ఒడ్డుకు రా" అంది అమృతమ్మ. గొంతు సన్నబడిపోయినా అందరికీ వినపడింది.

"జరసేపాగు. మునిగినంక వస్త."

"ఇప్పుడే రా అంటున్న. సంతల యాటను బేరమాడినట్టు దేవునితోని బేరమాడుతవా? అయ్యగారూ, ఈయనతోని అబద్ధమాడియ్యకుండ్రి. నేను పోయినంక, నీళ్ళల్ల మునిగి మోసపోయిన అంటడు."

పోయినంక! ఆ మాట వాళ్ళింట్లో అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. నిరోష చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లయ్య తడిబట్టలతో వచ్చి కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నీ కోసమే చేస్తుంటే నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా? నీకు బతకాలని లేదా?"

"ఎందుకు లేదు? నిరోష పెండ్లి చూడాలని లేదా నాకు? నొప్పంటే భయమే. సచ్చుడంటే భయం లేదు. ఎవరి దగ్గరికి పోతున్ననో నాకెరుకే. నా పాణం కోసం నువ్వు ఆయనకు అమ్ముడువోకు. ఆయన నీకే కావాలనిపించిన్నాడు మునుగు, నేను వద్దంటనా?"

అలా బాప్తిస్మం జరగకుండానే అందరూ ఇళ్ళకు మళ్ళారు. సాయంత్రం దివాకర్ వచ్చి, తప్పు తనదేనని అమృతమ్మ ముందు ఒప్పుకున్నాడు. ఎల్లయ్య అతనివైపు చూడనైనా చూడలేదు. ఆ దేవుడి మీదైతే మరీ కోపంగా ఉంది.

పదకొండో రోజు మధ్యాహ్నం అమృతమ్మకు ఊపిరి బరువైంది. చర్చి ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరి, బతికించు ప్రభువా అని గొంతెత్తి ప్రార్థిస్తున్నారు. ఎల్లయ్య మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెట్లెక్కే చేతులాయె, పట్టు మామూలుగా ఉంటుందా?

"నొస్తాంది, జర ఇడువు" అంది ఆమె.

"ఇడువ. ఇడిస్తే పోతవు."

"పోయేటిదాన్నే గద." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "నాకేం ఫికర్ లేదు. నువ్వు గిట్లుంటేనే పాణం పోతలేదు."

"ఒక్కదానివి ఎట్ల పోతవే?"

"ఒక్కదాన్నెందుకైత? ఆయన వస్తడు."

ఆ మాట ఆమె, పొరుగూరి నుంచి తమ్ముడు వస్తున్నాడన్నంత మామూలుగా అంది. ఎల్లయ్య చాలాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. ఎక్కడైనా భయం కనిపిస్తుందేమోనని వెతికాడు. కనిపించలేదు. భయమంతా తనదేనని అప్పుడు తెలిసింది అతనికి.

ప్రార్థన చెయ్యడం అతనికి రాదు. కళ్ళు మూసుకోవాలని కూడా తెలియదు. ఇంటి కప్పువైపు తలెత్తి, తాటిచెట్టు మీదున్న మనిషిని కిందినుంచి కేకేసినట్టు కేకేశాడు.

"యేసయ్యా! నాకేం వద్దు. గీమె చెయ్యి నువ్వు పట్టుకో. నేను ఇడుస్తున్న."

అని, బిగుసుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు.