బదులు వందనం

మా తమ్ముడు షిగెహారు ఒక్కసారి నడుం వంచడం వల్లే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పోయిందని హమాసేలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. వాళ్ళలో సగం మంది నా అంగట్లో ఉదోన్ నూడుల్స్ తిని, మూతి తుడుచుకుని, నా ఎదురుగానే అన్నవాళ్ళు. వాళ్ళ గిన్నెల్లో ఇంకో గుప్పెడు ఉప్పు పడేసి ఉండాల్సింది. పడెయ్యలేదు, వ్యాపారం కదా.

క్లబ్బు పేరు హమాసే కమోమె. నీలం జెర్సీ, గుండె మీద తెల్లటి కమోమె, అంటే సముద్రపు పక్షి. మొదట అది క్లబ్బు కాదు, ఓడల కర్మాగారం కూలీల జట్టు. యుద్ధం అయిపోయి యార్డు మళ్ళీ తెరిచిన రోజుల్లో మా నాన్న అక్కడ రివెట్లు కొట్టేవాడు. పని దిగాక ఆ మసి మొహాలతోనే అందరూ ఓడలు కట్టే డాకు వెనక ఖాళీ జాగాలోకి పోయి రాళ్ళు ఏరేవాళ్ళట. ఏరి ఏరి మైదానం చేశారు. గోలుకి కట్టిన వల మా అమ్మావాళ్ళు పాత చేపల వలలు కుట్టి తయారుచేసిందే. నాన్న ఎడమవైపు వెనక ఆడేవాడు. బంతి దొరక్కపోతే కాలు దొరకబుచ్చుకునేవాడని ఊళ్ళో పేరు.

తర్వాత దేశానికి ప్రొఫెషనల్ లీగ్ వచ్చింది. క్లబ్బు పేరులో కంపెనీ పేరు ఉండకూడదు, ఊరి పేరే ఉండాలన్నారు. యార్డు ముసలాళ్ళంతా గొడవ చేశారు, మా చెమటకున్న పేరు చెరిపేస్తారా అని. నాన్న ఒక్కడే సంతోషించాడు. "కంపెనీలు ఇవాళుంటాయి, రేపు మూసేస్తారు. ఊరినెవడు మూస్తాడు? ఊరి పేరే గట్టిది," అన్నాడు. ఆ నమ్మకంతోనే పోయాడు. పోవడమే మంచిదైంది, ఆ తర్వాత జరిగింది చూడలేదు. పేరు ఊరిదైనా డబ్బు కంపెనీదే అన్న సంగతి మాకెవరికీ పట్టలేదు.

షిగెహారు కూడా ఆ యార్డులోనే వెల్డరు. నోట్లో నాలుక లేని మనిషి. తన పెళ్ళిలో వచ్చినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పమంటే చెమటలు కారి కూర్చుండిపోయాడు. కానీ ఆట ఉన్న శనివారం, గోల్ వెనక స్టాండులో, పెద్ద డ్రమ్ము ముందు నిలబడితే మాత్రం వేరే మనిషి. మా దగ్గర ఒక్కో ఆటగాడికీ ఒక్కో పాట ఉంటుంది. ఎప్పుడు ఎవరి పాట ఎత్తాలో వాడే చూసుకునేవాడు. వాడి గొంతు లేస్తే వేలమంది గొంతులు లేచేవి. అభిమానుల నాయకుడు ఎవరని అడిగితే పసిపిల్లలు కూడా వాడినే చూపించేవాళ్ళు.

తొంభైల చివర్లో ఓడల ఆర్డర్లు వేరే దేశాలకి పోయాయి. యార్డులో క్రేన్లు కదలడం తగ్గింది. ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో వార్త వచ్చింది, కమోమెను అవతలి ఒడ్డున ఉన్న తొమిట్సు క్లబ్బులో కలిపేస్తారని. తొమిట్సు మాకు ఎప్పటినుంచో బద్ధవిరోధి. ఆ ఊరి సోయా సాసు కూడా నా వంటింట్లోకి రానిచ్చేదాన్ని కాదు. కలపడమంటే ఏముంది, వాళ్ళ పేరుంటుంది, మన పేరు పోతుంది.

కంపెనీవాళ్ళు అభిమానులకి సంగతి వివరిస్తామని యార్డు భోజనశాలకి పిలిచారు. అందరికీ టీ అందించే పని నాకప్పగించారు. మాకు కొంచెం ఆశ ఉండేది. కంపెనీ ప్రెసిడెంటు ఒకుదైరా గారు పరాయి మనిషి కాదు. కుర్ర ఇంజినీరుగా వచ్చి, కోటు విప్పి, మా నాన్నతోపాటు రాళ్ళు ఏరినవాడు. ఆ జట్టుకి గోల్‌కీపరు. అలాంటివాడు క్లబ్బును తన చేత్తో తనే చంపుకుంటాడా అనుకున్నాం.

ఆయన కాగితం చూసి చదివాడు. వేరే దారి లేదన్నాడు. తర్వాత కాగితం మడిచి, మా ముందుకొచ్చి, నడుం విరిగినట్టు వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు.

మా వైపు ఒక పద్ధతుంది. పెద్దవాడు మన ముందు అంత లోతుగా వంగినప్పుడు మనం బదులు వంగేదాకా ఆయన లేవడు. లేవకూడదు. వంగకుండా కూచున్నవాడు మనుషుల్లో లెక్క కాదు. ఇది ఎవరూ నేర్పరు, నడక వచ్చినట్టే వస్తుంది. ముందు వరసలో కూర్చున్న షిగెహారు చటుక్కున లేచి వంగాడు. వాడు వంగాడని వెనక ఉన్నవాళ్ళంతా వంగారు. నా చేతుల్లో నిండా టీ కప్పులున్న ట్రే ఉంది కాబట్టి నేను బతికిపోయాను.

మర్నాడు పేపర్లో ఫోటో. ప్రెసిడెంటు, మా తమ్ముడు, ఎదురెదురుగా వంగి ఉన్నారు. కింద పెద్దక్షరాల్లో, 'విలీనానికి అభిమానుల అంగీకారం'. కంపెనీవాళ్ళు ఆ ఫోటోనే అందరికీ చూపించారు. మేం స్టేషను దగ్గర నిలబడి, క్లబ్బును ఉంచండి అని సంతకాలు అడిగితే, దారినపోయేవాళ్ళు ఆగి, "మీ నాయకుడే ఒప్పుకున్నాడుగా, ఇంకేం సంతకాలు?" అని వెళ్ళిపోయారు.

అందరికంటే ఎక్కువ నోరు పారేసుకున్నవాడు మంగలి ఉషిజిమా. స్టాండులో షిగెహారు పక్కనే జెండా పట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం అంగట్లో, షిగెహారు తింటూ ఉండగానే, వాడికి వినపడాలనే అన్నాడు.

"ఎంతైనా కంపెనీ జీతగాడు కదండీ. యజమాని వంగమంటే వంగుతాడు."

"ఆయన వంగమన్లేదు. ఆయన వంగాడు, నేను వంగాను," అన్నాడు షిగెహారు.

"ఏదైతేనేం, ఫోటో బాగా పడిందిలే. మీ నాన్న ఏరిన రాళ్ళన్నీ తిరిగి మైదానంలో పోసొచ్చావ్."

"ఉషిజిమా, తిన్నావా? తింటే లేచి వెళ్ళు," అన్నాను.

"వెళ్తా అక్కా. నీ మీద నాకేం లేదు."

ఆ సాయంత్రం షిగెహారు డ్రమ్ము తీసుకెళ్ళి ఉషిజిమా క్షౌరశాల గుమ్మంలో పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత ఆటలకి పోవడం మానేశాడు. శనివారాలు నా వంటింట్లో కూచుని ఉల్లికాడలు తరిగేవాడు. స్టేడియం అంగడికి ఎదురే కాబట్టి అక్కడ డ్రమ్ము మోగితే ఇక్కడ వినపడేది. ఉషిజిమా తాళం తప్పినప్పుడల్లా వీడి కత్తి ఆగేది. అది చూస్తే నాకు జాలీ వేసేది, చిరాకూ వచ్చేది.

"ఇలా ఉల్లికాడలు తరుగుతూ కూచుంటే ఏమొస్తుందిరా? వెళ్ళి ఆయనతోనే చెప్పు. నేను ఒప్పుకోలేదు, ఆ మాట పేపర్లో వెయ్యించండి అని."

"ఆఫీసుకా?"

"కాదు, సముద్రంలోకి. ఆఫీసుకే."

వెళ్ళాడు. పెళ్ళినాటి సూటు వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వచ్చి బల్ల ముందు కూచుంటే వేడివేడిగా ఒక గిన్నె పెట్టాను.

"చెప్పావా?"

"చెప్పానక్కా. ఆ రోజు వంగింది ఒప్పుకున్నట్టు కాదండీ, మీరు వంగారని వంగాను, ఆ మాట దయచేసి మీరే అందరికీ చెప్పండి అన్నాను."

"శభాష్. ఆయనేమన్నాడు?"

వాడు నూడుల్స్ తినకుండా కలుపుతూ కూచున్నాడు.

"నిజమే, నీకు అన్యాయం జరిగిందన్నాడు. లేచొచ్చి, నన్ను క్షమించు అని మళ్ళీ వంగాడు."

"నువ్వు?"

సూటు బొత్తాం విప్పుకున్నాడు.

"షిగే, నువ్వేం చేశావ్?"

"ఏం చెయ్యమంటావక్కా? మనింటికొచ్చి అన్నం తిన్న మనిషి. జుట్టంతా తెల్లబడింది. అట్లా వంగిపోయి నిలబడితే నేను గుంజలా ఉండనా?"

"మళ్ళీ వంగొచ్చావా? నీది మెడా, తామర తూడా?"

నవ్వొచ్చింది. నేను నవ్వుతుంటే వాడూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మొహం గిన్నె మీదకి దించుకుని ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీదా, ఆయన మీదా, మమ్మల్నిట్లా పెంచినవాళ్ళందరి మీదా. పేపర్లో ఏమీ రాలేదు.

ఆఖరి ఆట డిసెంబరులో పడింది. వాడు రానంటే రానన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని రానక్కా?"

"ఉన్న మొహంతోనే రా. అక్కడ నిన్నొద్దనేవాడెవడో నేనూ చూస్తాను."

అంగడికి తాళం వేసి, మెడకి కమోమె మఫ్లరు చుట్టి, వాణ్ణి లాక్కెళ్ళాను. గోల్ వెనక స్టాండులో డ్రమ్ముకి నాలుగు మెట్లు పైన, కమ్మీ దగ్గర చోటు దొరికింది. ఎన్నడూ ఆటకి రానివాళ్ళు కూడా వచ్చారు. మమ్మల్ని చూసి కొందరు పలకరించారు. కొందరు చూడనట్టు మొహం తిప్పుకున్నారు. షిగెహారు తలెత్తలేదు.

గెలిచినా ఓడినా ఇక తేడా లేని ఆట. అయినా మావాళ్ళు పిచ్చివాళ్ళలా పరిగెత్తారు. ముందు అవతలివాళ్ళకి ఒక గోలు ఇచ్చారు, తర్వాత సమం చేశారు. ఆట ముగిసే ముందు కార్నర్ నుంచి వచ్చిన బంతిని కెప్టెన్ నాగుమో తలతో లోపలికి కొట్టాడు. స్టాండంతా లేచింది. ఉషిజిమా హడావుడిలో నాగుమో పాట బదులు ఇంకెవరిదో ఎత్తాడు. పక్కన షిగెహారు వేళ్ళు కమ్మీ మీద సరైన తాళం కొడుతున్నాయి, వాడికి తెలుసో తెలియదో.

ఆట అయ్యాక ఆటగాళ్ళు వరసగా మా ముందుకొచ్చి నిలబడి వంగారు. మేమంతా వంగాం. ఏడవనివాళ్ళు లేరు. వాళ్ళు వెనక్కి జరిగి మైదానం మధ్యలో నిలబడ్డారు. అప్పుడు ఒకుదైరా గారు ఒక్కడే, నల్లకోటులో, గడ్డి దాటుకుంటూ మా స్టాండు వైపు రావడం మొదలుపెట్టాడు. ఆయన వెనక కెమెరాలవాళ్ళు.

వరస నుంచి వరసకి మాట పాకింది. "ఎవరూ వంగొద్దు. ఎవరూ వంగొద్దు."

ఉషిజిమా వెనక్కి తిరిగి, పైకి, మా తమ్ముడి వైపు చూశాడు. "ఈసారైనా," అన్నాడు.

ప్రెసిడెంటు గోలు పక్కన ఆగి వంగాడు.

ఒక్కరూ కదల్లేదు. షిగెహారు కమ్మీని రెండు చేతులతో బిగించి పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆయన లేవలేదు. సముద్రం గాలికి కోటు అంచు ఎగిరి వీపు మీద పడింది, దాన్ని సరిచేసుకోలేదు. మొదట్లో నాకు తృప్తిగానే అనిపించింది. అట్లాగే ఉండు, ఆ నడుం అట్లాగే పట్టుకుపోవాలి అనుకున్నాను. ఆయన లేవలేదు. కాసేపటికి ఆయన మోకాళ్ళు వణకడం ఇక్కడికి కూడా కనపడింది. ముసలివాడు. మేం బదులివ్వకపోతే చీకటిపడేదాకా అట్లాగే ఉంటాడు, అక్కడే కూలిపోతాడు తప్ప లేవడు.

నాకు ఆయన మీద కోపం పిసరంత కూడా తగ్గలేదు. ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆయన చేసింది తప్పు, ఇవాళ్టికీ తప్పే. కానీ నా చేతుల్లో ఈసారి ట్రే లేదు. నా నడుం వంగింది.

వంగిన తర్వాత తెలిసింది నేను వంగానని. చుట్టూ గుసగుస మొదలైంది. కెమెరా ఒకటి మా వైపు తిరిగిందని ఎవరో అన్నారు. కింద నుంచి ఉషిజిమా గొంతు వినపడింది.

"చూశారా? మళ్ళీ ఆ ఇంటివాళ్ళే."

నా వీపు మీద ఒక చెయ్యి పడింది. నన్ను లేపడానికనుకున్నాను. లేపలేదు. షిగెహారు ఆ చెయ్యి అలాగే ఉంచి, తను నిటారుగానే నిలబడి, పాటలు ఎత్తే గొంతుతో, స్టాండంతా వినేలా అన్నాడు.

"మా అక్క దేనికీ ఒప్పుకోలేదు. పెద్దాయన వంగాడు, ఈవిడ వంగింది. అంతే. దీనికింకో అర్థం తీసేవాడు నాతో మాట్లాడండి."

తన కోసం ఒక్క మాట చెప్పుకోలేని మనిషి నా కోసం అంత మాటన్నాడు. ఆ మాట వాడి కోసం అన్నవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. నేను కూడా అనలేదు, తామర తూడన్నాను.

నేను లేచి చూసేసరికి ఒకుదైరా గారు మెల్లిగా నడుం ఎత్తి, మా వైపు చూడకుండా వెనక్కి నడుస్తున్నాడు. ఉషిజిమా మెట్లెక్కి పైకి వచ్చాడు. క్షమించమని అనలేదు. మొహం పక్కకి పెట్టి డ్రమ్ము పుల్లలు చాచాడు.

"నాగుమో పాట నాకు సరిగ్గా రాదు. వాళ్ళింకా మైదానంలోనే ఉన్నారు."

షిగెహారు పుల్లలు తీసుకుని కిందకి దిగాడు. ముందు నాగుమో పాట ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరిదీ, ఆట మొత్తం బెంచీ మీద కూచున్నవాళ్ళది కూడా వదలకుండా. అన్నీ అయిపోయాక ఊరి పేరు ఎత్తాడు. హమాసే, హమాసే అని గొంతులు బొంగురుపోయేదాకా పిలిచాం. ఆ పేరు ఇప్పటికీ స్టేషను బోర్డు మీద ఉంది, బస్సుల నుదుటి మీద ఉంది. మైదానంలో పిలవడం మాత్రం అదే ఆఖరు.