మూడో లైను దగ్గర

చదువుకునే బల్లని కిటికీ దగ్గర వెయ్యాలా, గోడవైపు తిప్పాలా అన్న పేచీ ఆ ఇంట్లో నాలుగోరోజుకి చేరింది. ఈ నాలుగు రోజుల్లో ఆ బల్ల హాలంతా ఒక చుట్టు చుట్టి మళ్లీ మొదటిచోటికే వచ్చింది.

“కిటికీ దగ్గరైతే వీధిలో పోయే ప్రతి కుక్కనీ లెక్కపెడుతుంది,” అన్నాడు మేష్టారు, బల్ల ఒక కొస పట్టుకుని.

“పోన్లెండి, ఏదో ఒకటి లెక్కపెడుతుందిగా,” అంది ఆయన భార్య రెండో కొస వదలకుండా.

పడక్కుర్చీలోంచి అత్తగారు తీర్పు చెప్పింది. “బల్లదేం లేదర్రా. అంతా ఆ ఫ్యాను. గాలి నేరుగా నడినెత్తిన కొడితే చదివింది ఎగిరిపోదూ?”

“నాకూ అదే ఫ్యాను కదా నానమ్మా. నాకెందుకు ఎగరట్లేదు?” అంది చిన్నది.

“నీ నోటి బరువుకి ఆగుతోంది. ఊరుకో.”

ఇంత రభసకీ కారణమైన పెద్దది మాత్రం కుర్చీ చేత్తో పట్టుకుని, బల్ల ఎటు ఆగితే అటు వెళ్దామని గోడవార నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి. లెక్కల్లో వరసగా మూడు పరీక్షలు తప్పింది. నెలాఖరు పరీక్ష కూడా తప్పితే లెక్కల పీరియడ్‌కి ఏడో తరగతిలో కూర్చోబెడతామని టీచరు చెప్పింది. ఏడో తరగతి రెండో బెంచీలో ఉండేది చిన్నదే.

“నా పక్కన చోటుందిలే అక్కా,” అని చిన్నది ఆరోజే అభయమిచ్చేసింది. “బ్యాగు తీసేస్తాను.”

పెద్దది దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. వంటగదిలోకొచ్చి తల్లితో ఒక్క ముక్క చెప్పింది. “దాని పక్కన కూర్చోబెడితే నేనిక బడికి వెళ్లనమ్మా.” అరిచి ఉంటే తల్లి పట్టించుకునేది కాదు. గిన్నె కడుగుతూ, నీళ్లు చిందకుండా, అంత నెమ్మదిగా చెప్పేసరికి ఆవిడ పొయ్యి కట్టేసి దాని మొహంలోకి చూసింది.

మేష్టారంటే బడి మేష్టారు కాదు. కారు నేర్పే మేష్టారు. పద్దెనిమిదేళ్లుగా నేర్పుతున్నాడు, బండి మీద గీత పడలేదు. పడదు కూడా. ఆ కారులో ఆయన కూర్చునే పక్క కూడా కాలికింద ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాడు తప్పు చెయ్యబోతున్నాడని అనుమానం వస్తే చాలు, అది నొక్కుతాడు. వీధి చివర సైకిలు కనిపించినా నొక్కుతాడు. మూడు నెలల క్రితం, పరాయివాళ్ల పిల్లల్ని ఇంతమందిని తీర్చిదిద్దినవాణ్ణి, నా పిల్లకి నాలుగు లెక్కలు చెప్పలేనా అని, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా పెద్దదాని చదువు నెత్తికెత్తుకున్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. ఆ గంటసేపు ఆయన టీవీ రిమోట్ జోలికి రాడు కదా.

ఆఖరికి బల్ల గోడవైపు తిరిగింది. పెద్దది కూర్చుని, సంచీలోంచి పరీక్ష పేపరు తీసి తల్లి చేతికిచ్చింది. “సంతకం పెట్టాలి.”

ముందు రెండు పేపర్ల మీదా మేష్టారే పెట్టాడు, మార్కు చూసి మొహం తిప్పుకుని. ఆవిడకి అలా కుదరదు. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పదహారేళ్లుగా పనిచేస్తోంది. రోజుకి నూరు రిపోర్టులు ఆవిడ చేతిమీదుగా పోతాయి, చూడకుండా ఒక్కదానిమీదా కలం పెట్టదు. నిలబడే చదివింది.

ఏడు లెక్కలు. మొదటిది రెండు లైన్లు చక్కగా సాగింది, మూడోది సగంలో ఆగిపోయింది. దానికింద టీచరు ఎర్రసిరాతో “తర్వాత?” అని రాసింది. రెండో లెక్కా అంతే. మూడోదీ అంతే. ఏడు లెక్కలకీ ఏడు “తర్వాత?”లు. తప్పని కొట్టేసింది ఒక్కటీ లేదు. కొట్టెయ్యడానికి అక్కడ ఏదైనా ఉంటే కదా.

ఆవిడకి ల్యాబు గుర్తొచ్చింది. ఒకరికి షుగరెక్కువ చూపిస్తే ఆ మనిషి సంగతి చూడాలి. పొద్దున్నుంచీ వచ్చిన ఇరవైమందికీ ఎక్కువే చూపిస్తే, మనుషుల్ని వదిలేసి మెషిన్ చూడాలి.

ఇంతలో మేష్టారు స్టూలు లాక్కుని పెద్దదాని పక్కన కూర్చున్నాడు. మెషిన్ ఆన్ అయింది. ఆవిడ బట్టలు మడత పెట్టే వంకతో దివాన్ మీద చతికిలపడి, ఒక్క తువ్వాలునే అయిదుసార్లు మడిచి విప్పింది.

పెద్దది రాసింది, ఒక లైను. రెండో లైను.

“ఆగు,” అన్నాడు మేష్టారు.

ఆగింది.

“ఏం రాయబోతున్నావ్?”

“ఏమో నాన్నా.”

“ఏమో అంటే ఎలా? సరే, కానీ. ఆఁ... ఆగాగు. గుర్తు చూసుకున్నావా?”

“చూశాను.”

“మళ్లీ చూడు.”

గంటలో మూడు లెక్కలయ్యాయి. పెద్దది రాసినదానికంటే ఆగినది ఎక్కువ. మేష్టారు తృప్తిగా లేచి ఒళ్లు విరుచుకున్నాడు. “చూశారా? నా ముందు ఒక్క తప్పు చెయ్యదు. బళ్లోనే ఏదో అవుతోంది.”

“బళ్లో ఏమీ అవ్వట్లేదు,” అంది ఆవిడ. పేపరు ఆయన ముందు పెట్టింది. “ఇదిగో. ఏడుచోట్లా మూడో లైను దగ్గరే ఆగింది. మీరు ఆపేదీ అక్కడే.”

మేష్టారు ఒంటికాలిమీద లేచాడు. “అంటే నా వల్లా? పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. నేను ఆపకపోతే తప్పు చేస్తుంది.”

“చెయ్యనీండి.”

“తప్పు చేస్తే?”

“తప్పవుతుంది. పేపరేగా, ఎవరి కాళ్లమీదకీ ఎక్కదు.” తువ్వాలు పక్కన పడేసింది. “పెళ్లయిన కొత్తలో నాకూ నేర్పారు గుర్తుందా? ఆరు నెలలు. ఇవాళ్టికీ నేను ఆటోలోనే తిరుగుతున్నాను.”

“నీకు శ్రద్ధ లేదు.”

“దానికీ లేదా? మీ దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ లేదా? సగంమంది మొదటి టెస్టు ఎందుకు తప్పుతున్నారు? ప్రతి సందు దగ్గరా బండి ఆపేసి, పక్కనున్న ఆఫీసరు మొహం చూస్తారటగా. మీరే చెప్పి నవ్వారు.”

మేష్టారు సాక్ష్యం కోసం పెద్దదాని వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. పరీక్షలో ఎందుకాగావ్?”

పెద్దది గోళ్లు చూసుకుంది. “నువ్వు ఆగమంటావేమోనని చూశాను.”

“అక్కడ నేను లేనుగా.”

“లేవు కదా, అందుకే ఇంకాసేపు చూశాను.”

ఆవిడ లెక్కల పుస్తకం తెరిచి పెద్దదాని ముందుకి జరిపింది.

“ఒక్క లెక్క,” అంది ఆవిడ. “ఒకే ఒక్కటి. అది పుస్తకం మూసేదాకా ఎవరూ నోరెత్తకూడదు. మీరు అక్కడే కూర్చోండి.”

“కూర్చుంటాను. నాకేం భయం?” అన్నాడు మేష్టారు, చేతులు తొడలకింద పెట్టుకుని.

తండ్రి వయసు కొడుకు వయసుకి నాలుగు రెట్లు. అయిదేళ్ల తర్వాత మూడు రెట్లవుతుంది. కొడుకు వయసెంత? పెద్దది మొదలుపెట్టింది. మొదటి లైను, రెండో లైను. పెన్సిలాగింది. తలెత్తకుండానే కళ్లు తండ్రి వైపు వెళ్లాయి. తల్లి తువ్వాలు వైపు చూస్తూ కూర్చుంది. మేష్టారి పెదవులు అతుక్కుని ఉన్నాయి, మెడమీద నరం మాత్రం ఉబ్బింది. బల్లకింద ఆయన కుడికాలు గచ్చుని పాతాళానికి తొక్కుతోంది.

పెన్సిలు కదిలింది. మూడో లైను దాటింది. అక్కడ బ్రాకెట్లో ఉన్న అయిదుని మూడుతో గుణించడం మర్చిపోయి ముందుకు పోయింది. మేష్టారి గొంతులోంచి చిన్న కూత వచ్చింది. ఆవిడ కన్నెర్ర చేసింది. కూత లోపలికే పోయింది.

పెద్దది చివరిదాకా వెళ్లింది. జవాబు కింద గీత గీసింది. మూడు నెలల్లో అది తనంతట తాను గీసిన మొదటి గీత.

“కొడుకు వయసు సున్నా,” అని చదివింది. “తండ్రి వయసు... నాలుగు సున్నాలు... సున్నా.”

“ఇద్దరూ ఇవాళే పుట్టారన్నమాట,” అంది చిన్నది.

“మరి ఆ తల్లి ఏ వార్డులో ఉందిట?” అంది అత్తగారు.

ముందు పెద్దదే నవ్వింది. పగలబడి, బల్లమీద తల వాల్చి మరీ. ఆ నవ్వులోనే పుస్తకం దగ్గరకు లాక్కుని పైనుంచి వేలు పెట్టుకుంటూ వచ్చింది. “అయ్యో, బ్రాకెట్,” అని గొణిగి కొట్టేసి మళ్లీ రాసింది. “పది. తండ్రికి నలభై. అయిదేళ్లకి పదిహేను, నలభై అయిదు. సరిపోయింది.” టప్పున పుస్తకం మూసింది.

మేష్టారు చేతులు బయటికి తీసుకున్నాడు. ఎండలో గంటసేపు బండి తోసినవాడిలా చొక్కా తడిసిపోయింది. వెళ్లి మొహం కడుక్కొచ్చాడు.

భోజనాల దగ్గర అత్తగారు రెండుసార్లు ఫ్యాను ప్రస్తావన తెచ్చింది, ఎవరూ అందుకోలేదు. పెద్దది కంచంలోంచి తలెత్తి తండ్రిని ఓసారి చూసి మళ్లీ వంచేసింది. నొప్పించానేమో అన్న బెంగ దాని మొహంలో తల్లికి తెలుస్తూనే ఉంది. అయినా ఆవిడ కల్పించుకోలేదు.

మేష్టారు మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

“పక్కనుంటే నా వల్ల కాదు,” అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. “అందుకని పరీక్ష అయ్యేదాకా ఏడు నుంచి ఎనిమిది వరకు నేను ఇంట్లో ఉండను. ఎక్కడుంటానో ఇంకా ఆలోచించుకోలేదు. ఎక్కడో ఓచోట ఉంటాను. అది పుస్తకం మూశాక నాకు ఫోన్ చెయ్యండి, వస్తాను.”