పొడి ఇసుక

పదవి పోయి మూడేళ్ళయినా వాన్ సాలెహ్ పేరు ముందున్న ‘వైబీ’ మాత్రం ఊడిపోలేదు. రాష్ట్ర శాసనసభకు మొదటిసారి గెలిచిన రోజున తగిలించిన గౌరవం అది. మలేషియాలోని ఈ కెడా రాష్ట్రంలో ఒకసారి తగిలిందంటే చచ్చేదాకా వదలదు. తెల్లవారి నమాజు కాగానే వసారాలో నలుగురు తయారయ్యేవాళ్ళు. ఒకడికి కొడుకు ఉద్యోగం కోసం సిఫారసు కావాలి, ఒకామెకు పింఛను ఆగిపోయింది. “నేనిప్పుడు వైబీని కానమ్మా” అంటే “అలాగే వైబీ” అని తలూపి, కూర్చున్నచోటు నుంచి కదిలేవాళ్ళు కాదు. ఇంకేం చేస్తాడు? లోపలికి కేకేసి కాఫీ తెప్పించేవాడు.

నాలుగుసార్లు గెలిచాడు. ఐదోసారి నిలబడమని పార్టీ అడగలేదు, నిలబడతానని ఆయనా అడగలేదు. ఆ ఇరవై ఏళ్ళూ ఏం చేశావయ్యా అంటే, ముందుగా చెప్పాల్సింది పెళ్ళి భోజనాల సంగతి. నవ్వులాట కాదు. శుక్ర, శనివారాలొస్తే రోజుకు నాలుగు పెళ్ళిళ్ళు, నాలుగు చోట్లా మాంసం కూర, నాలుగు చోట్లా పెళ్ళివారు పక్కనే నిలబడి ‘ఇంకాస్త వడ్డించుకోండి వైబీ’ అని బతిమాలడం. ఒక ఇంట్లో తిని, పక్కింట్లో చెయ్యి కడిగేసుకుంటే ఇక ఆ కొంప ఓట్లు మర్చిపోవాల్సిందే. పెళ్ళిళ్ళయ్యాక చావులు. మధ్యలో తీరిక దొరికితే వంతెనలు, రోడ్లు, మసీదులకు పైకప్పులు. ఆఖరికి ఆయనకు మిగిలింది అరిగిపోయిన మోకాళ్ళూ, చక్కెర జబ్బూ.

ఈ తిరుగుడంతా దెరామన్ నడిపిన కారులోనే జరిగింది. దెరామన్ నోట్లో నాలుక లేని మనిషి. కారు డిక్కీలో వైబీ కోసం ఎప్పుడూ ఒక జత ఉతికిన బట్టలు, నల్ల టోపీ, పొడి చెప్పులు ఉంచేవాడు. చావుకు వెళ్ళేటప్పుడు మాత్రం దారిలో ఒకచోట బండి ఆపి, సిగరెట్టు వంకతో దిగి, ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి వచ్చేవాడు. ఎవరితో అని సాలెహ్ ఏనాడూ అడగలేదు. వీళ్ళు చేరేసరికి ఖబరస్తానులో గొయ్యి సిద్ధంగా ఉండేది. సాలెహ్ మూడు పిడికిళ్ళ మట్టి వేసి, దువా కాగానే ఇంకో ఊరికి బయలుదేరేవాడు. తాను వెళ్ళేసరికి అన్నీ అమరిపోవడం తన అదృష్టమనుకునేవాడు పాపం.

ఆ దెరామన్ ఒక శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశాడు. సాలెహ్ తనే బండి నడుపుకుంటూ సముద్రం వైపున్న అతని ఊరికి, పెర్మతాంగ్ నిపాకు వెళ్ళాడు. వారం నుంచి వానలు. రోడ్డుకు రెండు పక్కలా మడిచెక్కల్లో నీళ్ళు గట్లు దాటి పోతున్నాయి. వెనక సీట్లో కూర్చునే అలవాటు తిప్పలు తెచ్చింది, దారి సగం మర్చిపోయాడు.

దెరామన్ భార్య కల్సోమ్ ఆయన్ని వంటింటి వెనక్కి పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

“వైబీ, ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేనేమీ అడగలేదు. ఇవాళ ఒక్కటి అడుగుతాను. ఆయన్ని ఇక్కడ పెట్టొద్దు. టౌనులో గుట్ట మీదున్న ఖబరస్తానులో చోటిప్పించండి.”

“అదేంటి కల్సోమ్ అక్కా, వాళ్ళమ్మా నాన్నా ఇక్కడే ఉన్నారు కదా.”

“ఆయన్ని పొడి నేలలో పెట్టాలి. నాకింకేం అక్కర్లేదు.”

“ఇదీ పొడి నేలేగా. ఎన్నిసార్లు నిలబడ్డాను ఆ గోతుల పక్కన, నేను చూళ్ళేదూ?”

కల్సోమ్ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

సాలెహ్ వసారాలో కూర్చుని ఫోను పట్టుకున్నాడు. శుక్రవారం సెలవు, భూముల ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. టౌను మసీదు పెద్ద ఎత్తాడు గానీ, గుట్ట మీద చోటు టౌనువాళ్ళకే వైబీ, ఆ షరతు పెట్టిన మీటింగులో మధ్య కుర్చీలో కూర్చున్నది తమరే అని మెత్తగా గుర్తుచేశాడు. ఇప్పటి వైబీ ఫిర్దౌస్ కుర్రాడు. అతని మనిషి, మా వైబీ మీటింగులో ఉన్నారు, మధ్యాహ్నం మట్టి వేయడానికి తప్పకుండా వస్తారు అన్నాడు. ఈ మాటలన్నీ సాలెహ్‌కు బాగా తెలిసినవే. తను ఎంతమందికి చెప్పించలేదు గనక! పదవి లేని మనిషి ఫోనుకు ఉన్న విలువ ఎంతో ఆ పూట తెలిసొచ్చి, నీరసంగా లేచాడు. నమాజుకు ఇంకా పొద్దుంది. ఊరికే కూర్చోలేక ఖబరస్తాను వైపు నడిచాడు. అలా ముందు ఎవరికీ ఫోను వెళ్ళకుండా ఆయన అక్కడికి పోవడం అదే మొదటిసారి.

గోతిలో నలుగురున్నారు. నడుము లోతు గొయ్యి, మోకాళ్ళ దాకా నల్లటి నీళ్ళు. రంగు డబ్బాలతో తోడిపోస్తున్నారు. తోడుతున్నంతసేపూ పక్కల నుంచి మళ్ళీ ఊరుతోంది. సముద్రం పోటు మీదుంది. ఒడ్డున టార్పాలిను కప్పిన ఇసుక బస్తాలు, కాస్త దూరంలో చెట్టు కింద తుడిచిపెట్టిన ఒక కుర్చీ. ఎన్నో చావుల్లో తను కూర్చున్న కుర్చీ అది.

ఊళ్ళో గోతులు తవ్వించే పాక్ తె అనే ముసలాయన తలెత్తి చూసి కంగారుపడ్డాడు. “ఇంత పెందలాడే వచ్చేశారేంటి వైబీ? ఇంకా సర్దలేదు. అలా కుర్చీలో కూర్చోండి, అయ్యాక పిలుస్తాం.”

“ఏం సర్దుతారు?”

పాక్ తె చేతులు తుడుచుకున్నాడు. ఆపైన ఒక్కో ముక్కే బయటికొచ్చింది. వైబీ వస్తున్నారని దెరామన్ దారిలోంచి ఫోను చేసేవాడు. వీళ్ళు గబగబా నీళ్ళు తోడేసి, అడుగున పొడి ఇసుక పోసేవాళ్ళు. దువా అయి వైబీ కారెక్కేదాకా ఆ ఇసుక ఆగేది. ఊరికొచ్చిన పెద్దమనిషికి బురద గొయ్యి చూపిస్తారా ఎవరైనా?

“నేను వెళ్ళాక?”

“గోతిలో దిగినవాడు అక్కడ చూసింది బయట చెప్పకూడదు వైబీ. అది చచ్చినవాళ్ళ మర్యాద.”

“నాకైనా చెప్పొద్దా పాక్ తె?”

“మీకు చెప్పాలంటే ఫలానావాడి అమ్మ ఎలా వెళ్ళిందో చెప్పాలి. ఆ ఫలానావాడు మీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ఏ నోటితో చెప్పమంటారు?”

సాలెహ్‌కు తల కొట్టేసినట్టయింది. ఒకసారి సభలో ఎవరో సముద్రపు ఊళ్ళ ఖబరస్తానుల సంగతి ఎత్తారు. అప్పుడు తను లేచి నిలబడి, నా నియోజకవర్గంలో ప్రతి గోతి పక్కనా నేను స్వయంగా నిలబడ్డాను, అంతా పొడి నేలే అని గట్టిగా చెప్పాడు. బల్లలు చరిచారు. వాటిని మట్టి పోసి ఎత్తు చేయడానికి అనుకున్న సొమ్ముతో బ్యాడ్మింటన్ హాలు కట్టించాడు. దాని గోడ మీద తన పేరు ఇప్పటికీ ఉంది. అబద్ధమాడలేదు. కళ్ళతో చూసిందే చెప్పాడు, అదే ఆయన ఖర్మ.

“దెరామన్ వాళ్ళమ్మని పెట్టిన రోజు…” అని ఆగిపోయాడు. ఆ రోజు కూడా తనే మట్టి వేశాడు. దెరామన్ సెలవు పెట్టకుండా తనను టౌను నుంచి తీసుకొచ్చాడు.

“ఆ రోజూ ఫోను చేశాడు వైబీ,” అన్నాడు పాక్ తె.

సాలెహ్ చెప్పులు విడిచి, చొక్కా చేతులు మడిచి గోతిలోకి దిగాడు. వద్దు వద్దని వాళ్ళు అంటూనే ఉన్నారు. ఆయన ఒకడి చేతిలో డబ్బా లాక్కుని తోడడం మొదలుపెట్టాడు. డెబ్బై ఏళ్ళ నడుము కాసేపట్లోనే పట్టేసింది. కానీ ఆగలేదు.

కాళ్ళు కడుక్కుని వెళ్ళి నమాజు చదివొచ్చి, అందరూ మళ్ళీ గోతిలో దిగారు. పాక్ తె ఫోను మోగింది. ఫిర్దౌస్ డ్రైవరు, పది నిమిషాల్లో వస్తున్నామని. ఇద్దరు అలవాటుగా ఇసుక బస్తాల వైపు నడిచారు.

“ఇసుక పోయొద్దు,” అన్నాడు సాలెహ్.

“కల్సోమ్‌కి ఏం చెబుతాం వైబీ? పొడి నేల కావాలని మీ దగ్గర మొరపెట్టుకుందట కదా.”

“ఇసుక పోస్తే పొడి నేల అవుతుందా పాక్ తె?”

పాక్ తె బస్తాలు కింద పెట్టేయమని చెప్పాడు.

ఫిర్దౌస్ మడత నలగని బట్టల్లో, వెనక ఫోటోలు తీసే మనిషితో వచ్చాడు. గోతి దగ్గరికొచ్చి లోపలికి చూశాక ఫోటోలవాణ్ణి ఆగమని సైగ చేశాడు. ఇలాంటి నేలలో పెట్టెలోనే పెడతారు. దెరామన్ ఉన్న పెట్టెను దించగానే అది ఒక పక్కకు ఒరిగి పైకి తేలింది. ఇసుక పోయకపోతే, మట్టి బరువు నిలిచేదాకా ఎవరో ఒకరు దాని మీద నిలబడాలి. మామూలుగా కొడుకు నిలబడతాడు. దెరామన్‌కు అందరూ ఆడపిల్లలే. పాక్ తె చుట్టూ చూస్తూ ఉండగానే, గోతిలోంచి ఇంకా ఎక్కని సాలెహ్ పెట్టె మీదికి ఎక్కి నిలబడ్డాడు.

కాళ్ళ కింద పెట్టె కదులుతూ తెలుస్తోంది. ఇన్నేళ్ళూ తనను మోసింది చాలలేదు కాబోలు, ఇప్పుడూ దెరామనే మోస్తున్నాడు. సాలెహ్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మట్టి పడుతూనే ఉంది.

“ఎప్పుడూ ఇంతేనా వైబీ?” అని ఫిర్దౌస్ మెల్లగా అడిగాడు.

“ఎప్పుడూ ఇంతే. నన్ను చూడనివ్వలేదు. నువ్వు చూశావు, ఇక చూడలేదని చెప్పడానికి వీల్లేదు.”

పెట్టె నిలిచాక పాక్ తె చెయ్యి అందించి ఆయన్ని పైకి లాగాడు.

ఇంటి మెట్ల దగ్గర కల్సోమ్ నిలబడి ఉంది. పొడిగా ఉందా అని ఆమె అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా తోచలేదు సాలెహ్‌కు. ఇప్పుడు తనూ గోతిలో దిగినవాడే. ఆమె తొడల దాకా తడిసిన ఆయన బట్టలు చూసింది. ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి, మడత పెట్టిన ఒక జత బట్టలు తెచ్చి ఇచ్చింది.

“మీవే వైబీ. మీ పదవి పోయి కారు అప్పగించేటప్పుడు డిక్కీలోంచి తెచ్చుకున్నాడు. మీరెప్పుడైనా పిలుస్తారేమోనని ఎండ కాసినప్పుడల్లా ఆరేసేవాడు.”

మూడేళ్ళలో సాలెహ్ ఒక్కసారి కూడా పిలవలేదు. ఆయన ఆ బట్టల్ని పక్కన పెట్టుకుని, తడి బట్టలతోనే మెట్ల మీద కూర్చున్నాడు.