నిమ్మకాయ పైకి దొర్లే చోటు

స్కూటర్ కదిలింది.

ఇంజన్ ఆపేసి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. తాతబాబు పాదాలు నేలకు తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. అయినా స్కూటర్ ఎత్తు మీదికి పాకింది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా.

దంతెవాడ నుంచి జీపులో వచ్చిన టూరిస్టులు ఊపిరి బిగబట్టారు. మరుక్షణం చప్పట్లు.

"సూసినారా!" టీ కొట్టులోంచి కన్నమ్మ గొంతు ఖంగుమంది. "కొండ నిండా ఇనుమే. బండిని అలగ లాగీస్తాది. దేఖా న సాబ్? చాయ్ పీజియే!"

తాతబాబు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యాక తనూ పెళ్లాం కన్నమ్మా కలిసి, ఇనుప గనులున్న కిరండూల్ దారిలో ఆ ఘాట్ మలుపు దగ్గర కొట్టు పెట్టారు. పేరు 'అయస్కాంతం టీ'. టీ ఎక్కడైనా దొరుకుతుంది. అయస్కాంతం ఇక్కడే ఉంది. అందుకే జీపు డ్రైవర్ జోగ ప్రతి ఆదివారం టూరిస్టుల్ని ఇక్కడే దించుతాడు.

ఆ ఆదివారం జీపు వెనకే స్కూలు వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ప్రసన్నకుమారి దిగింది.

ఆమె కన్నమ్మ అక్క కూతురు. కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు విశాఖలో సైకాలజిస్టు. కన్ను చూసేదాన్ని మనసు ఎలా అర్థం చేసుకుంటుంది, అందులో పొరపాటు జరిగితే పిల్లల సైన్సు చదువు ఎక్కడ తప్పుతుంది అన్నది ఆమె పరిశోధన. ఈ నెలంతా పిన్ని ఇంట్లో ఉండి, పిన్ని చేతి చేపల పులుసు తింటూ, ఇక్కడి ఎనిమిదో తరగతి పిల్లలతో పని చేస్తోంది.

వస్తువులు ఎటు దొర్లుతాయని అడిగితే పిల్లలందరూ సరిగ్గానే చెప్పారు. ఎత్తు నుంచి పల్లానికి. ఆ వెంటనే అందరూ ఒకే మాట కలిపారు. కన్నమ్మ ఆంటీ కొట్టు దగ్గర తప్ప.

ఆ 'తప్ప'ని తీసేస్తే పిల్లలకు సైన్సు తెలుస్తుంది. పిన్ని కొట్టు మూతపడుతుంది.

"పిన్నీ, నిజంగా ఈ రోడ్డు మీద పరీక్ష చెయ్యమంటావా?" ప్రసన్న గొంతు తగ్గించి అడిగింది.

"సెయ్యే! నాకేటి భయం? కొండ నీకు భయపడి ఇనుం దాసీసుకుంటాదేటి?" కన్నమ్మ నవ్వి పిల్లలకి బిస్కెట్లు పంచింది.

మొదటి దెబ్బ ఎవరూ అనుకోని వైపు నుంచి పడింది. రీనా అనే అమ్మాయి కొట్టు మీది బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి రోడ్డు మీద పెట్టింది. నిమ్మకాయ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది. తర్వాత స్కూటర్ వెళ్లిన దారినే పైకి దొర్లుకుంటూ పోయింది.

"నింబూ మే భీ లోహా హై క్యా?" పక్కనున్న హిడ్మా అనే పిల్లాడు అమాయకంగా అడిగాడు.

జనం గొల్లుమన్నారు. కన్నమ్మ నవ్వలేదు. నిమ్మకాయలో ఇనుము లేదని ఆమెకూ తెలుసు.

"జోగా, బండి తియ్యి" అన్నాడు ఒక టూరిస్టు. "అంతా బోగస్."

ప్రసన్న సంచిలో చెయ్యి పెట్టింది. మేస్త్రీలు ఎత్తుపల్లాలు చూడటానికి వాడే సన్నటి ప్లాస్టిక్ లెవెల్ పైపు వేళ్లకు తగిలింది. నీళ్లు నింపి రెండు చివరలూ ఎత్తి పట్టుకుంటే చాలు, రోడ్డు గుట్టు బయటపడుతుంది. పైపు తియ్యలేదు. సంచి మూసేసింది.

"చాలు పిల్లలూ, వ్యాన్ ఎక్కండి."

"అదేంటి మేడమ్?" రీనా కదల్లేదు. "కొలవకుండా ఏదీ ఒప్పుకోవద్దని మీరే చెప్పారుగా!"

కన్నమ్మ కొట్టు దిగి వచ్చింది. సంచి లాక్కుంది.

"ఇందులో ఏటుందో తియ్యే. సగం తెలిసీ సగం తెలీకా నాకు అన్నం దిగదు."

నీళ్లు అందరికీ కనబడాలని పైపులో డికాషన్ పోసింది కూడా కన్నమ్మే. కింద ఉన్నట్టు కనిపించే చివర తను పట్టుకుంది. పైన ఉన్నట్టు కనిపించే చివర తాతబాబు పట్టుకున్నాడు. డికాషన్ ఊగింది. ఊగి ఊగి ఆగింది.

కన్నమ్మ వైపు మోకాలి దగ్గర. తాతబాబు వైపు నడుం దగ్గర.

"నీళ్లు రెండు చివర్లా ఒకే ఎత్తులో నిలుస్తాయి. మరి బాబాయి దగ్గర అంత పైకి ఎందుకున్నాయి?" ప్రసన్న అడిగింది.

రీనా ఎగిరి గంతేసింది. "తాతబాబు అంకుల్ పల్లంలో ఉన్నారు!"

"అంటే ఇన్నాళ్లూ నేను దిగువకి జారీసేనా?" తాతబాబు తెల్లబోయాడు. "ఆ బండికి నేనంటే ప్రేమనుకున్నాను గదే!"

ఇందాక దిగి వచ్చిన ఘాట్ నిట్టనిలువుగా ఉంది, ఇక్కడ వాలు తగ్గింది, అందుకని కన్ను దీన్ని ఎత్తు అనుకుంటోందని ప్రసన్న చెప్పింది. పక్కన ఒరిగిన గోడ, ఒరిగిన స్తంభాలు ఆ మోసానికి తోడు. ఆమె వార్తాపత్రికను గొట్టంలా చుట్టి రీనా కంటికి పెట్టింది. గోడ మాయమైంది. రోడ్డు ముక్క ఒక్కటే మిగిలింది. ఎత్తు పోయింది. గొట్టం తీయగానే మళ్లీ వచ్చింది.

కన్నమ్మ వెళ్లి గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. ప్రసన్న ఆమె వెనకే నిలబడింది.

"ఏటే, అటు సూడు" అంది కన్నమ్మ ఉన్నట్టుండి.

జీపు కదల్లేదు. బోగస్ అన్న టూరిస్టు పేపరు గొట్టం కోసం పిల్లలతో పేచీ పడుతున్నాడు. ఒకావిడ నిమ్మకాయ వెంట పరుగెడుతోంది. ఇంకొకాయన ఫోన్లో ఎవరికో వీడియో చూపిస్తున్నాడు.

కన్నమ్మ వెళ్లి గొట్టంలోంచి చూసింది. తీసి చూసింది. మళ్లీ చూసింది.

"నా సేతుల్తో కొలిసినాను గదే! అయినా ఎత్తుగానే కనబడతాదేటి?"

"అదే పిన్నీ తమాషా. మనసుకి తెలిసినా కన్ను మాట వినదు. నాక్కూడా అంతే."

"ఎప్పటికీ వినదా?"

"ఎప్పటికీ."

కన్నమ్మ మొహం మెల్లగా విచ్చుకుంది. "అంటే దీని గుట్టు సెప్పీసినా అరిగిపోదన్నమాట! ఒసే రీనా, రంగు డబ్బా తే. బోర్డు మారుద్దాం!"

సాయంత్రానికి 'అయస్కాంతం టీ' చెరిగిపోయింది. ఆ చోట పిల్లల వంకర అక్షరాలు వెలిశాయి. 'కళ్లు మోసపోయే టీ కొట్టు'. కింద హిందీలో కూడా. దాని కింద పందెం. పైపుతో కొలిచాక ఒట్టి కంటికి రోడ్డు దిగుతున్నట్టు కనబడితే టీ ఉచితం, ఎక్కుతున్నట్టే కనబడితే డబ్బులివ్వాలి.

"నాకు దిగుతున్నట్టే కనిపిస్తోంది ఆంటీ" అన్నాడు జోగ వెంటనే.

"అబద్ధం సెప్పినోడికి డబుల్ రేటు రా."

"లేదు లేదు, ఎక్కుతోంది!"

కొట్టంతా నవ్వులు.

ఇంటికి బయల్దేరేటప్పుడు ప్రసన్న బాబాయి స్కూటర్ వెనక కూర్చుంది. తాతబాబు స్టార్ట్ చెయ్యలేదు. కాళ్లు పైకెత్తాడు. స్కూటర్ పాకింది. గాలి మొహాన కొట్టింది. రోడ్డు ఆమె కళ్లముందు నిటారుగా పైకి లేచింది.

"బాబాయ్! ఎక్కుతోంది, ఎక్కుతోంది!" సైకాలజిస్టు కేక పెట్టింది.

వెనక నుంచి కన్నమ్మ గొంతు తరుముకొచ్చింది. "ఏయ్ పెసన్నా! నువ్వూ ఓడిపోయినావు! టీ డబ్బులిచ్చి ఎల్లు!"